మునివెంకటమ్మ మొకం ఎవరిది?

బాగేపల్లిలో మునివెంకటమ్మ పొద్దున్నే మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వస్తే, ఆమెకన్నా ముందే ఆమె మొహం అక్కడ ఉంటుంది. కారే రేకు కింద కట్టిన ప్లాస్టిక్ నిండా ఆమే, కోళ్ళగూటి మీద కప్పిన పట్టా మీదా ఆమే. అన్నీ చెనిక్కాయల పొడి పాకెట్లకు అచ్చేయించగా మిగిలిన కవర్లు.

ఆ ఫోటోలో ఆమె పొయ్యి ముందు కూర్చుని, ఎండ కంట్లో పడి, కనుబొమలు ముడిచి చూస్తూ ఉంటుంది. ఆ పాకెట్టు ఎదురుగా పెడితే ఎంత మొండి పిల్లలైనా నోరెత్తకుండా ముద్ద మింగేస్తారని ప్రతీతి. గూళూరు బస్సు వెనక అదే ఫోటో అతికించినప్పటి నుంచీ మేకలు రోడ్డుకు అడ్డం రావడం మానేశాయి. దీనికి కండక్టరే సాక్ష్యం.

పెద్దకొడుకు ఆనంద్‌కుమార్‌ది బాగేపల్లిలో అంగడి. చిన్నవాడు నందీశ్‌ది చింతామణిలో. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే వ్యాపారం. విడిపోయినప్పుడు మిషన్లు పంచుకున్నారు, జల్లెళ్ళు పంచుకున్నారు, అమ్మ మొహం సంగతి మాత్రం తేల్చుకోలేదు. ఇద్దరూ అదే ఫోటోతో, అదే ఎర్ర అంచుతో అమ్మసాగారు. పెద్దవాడు ట్రేడ్‌మార్కుకు అర్జీ పెట్టి, తమ్ముడికి లాయరు నోటీసు పంపాడు. చిన్నవాడు ఆ నోటీసులోనే పేర్లు తారుమారు చేసి తిరిగి పంపాడు. ఆఖరికి నోటీసు కూడా కాపీ కొట్టాడే అని పెద్దవాడికి అన్నం సహించలేదు. ఆ రోజు నుంచి నందీశ్ ఈ గడప తొక్కలేదు. ఇద్దరూ కోర్టు మెట్లెక్కితే ఇక ఈ జన్మకు తొక్కడని మునివెంకటమ్మ భయం.

ఒక పొద్దున పెద్దకోడలు ఆశా పట్టుచీర తీసిపెట్టింది. చిక్కబళ్ళాపురం పోదాం, లాయరు దగ్గర ఒక సంతకం పెట్టాలి అన్నాడు ఆనంద్‌కుమార్. ఎందుకని అడిగితే, సంతకమేలేమ్మా అన్నాడు.

లాయరు అనంతపద్మనాభ తాతముత్తాతలు గుడిలో వేదం చెప్పినవాళ్ళు. ఆయన సెక్షన్లను కూడా అదే రాగంలో చదువుతాడు కాబట్టి, కేసు ఓడిపోయినవాళ్ళు కూడా తీర్థం పుచ్చుకున్నట్టు తలమీద చెయ్యి తుడుచుకుని పోతారని చెప్పుకుంటారు. రాజీ కుదురుతుందేమోనని ఆయన నందీశ్‌నూ పిలిపించాడు. వాడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఫోటో తీసింది నేను సార్, నా ఫోన్లో," అన్నాడు నందీశ్.

"ఆ ఫోన్ కొనిచ్చింది నేను. ఆ పొయ్యి కట్టించిందీ నేనే."

"ఎండ కూడా నువ్వే కొనిచ్చినావా అన్నా?"

లాయరు చెయ్యెత్తాడు. ఫోటో తీసినవాడిది ఒక హక్కు, గుర్తును సంతలో ముందు వాడినవాడిది ఇంకో హక్కు అన్నాడు. అంగడికొచ్చిన మామూలు మనిషి రెండు పాకెట్లూ చూసి తికమక పడితే అది కేసే, ఏళ్ళ తరబడి లాగొచ్చు అన్నాడు.

"అదంతా తర్వాతి మాట. బతికుండే మనిషి మొకం గుర్తుగా పెట్టుకోవల్లంటే ఆ మనిషి ఒప్పుకోలు యాడ అని ఆఫీసోళ్ళు అడుగుతాండారు. అమ్మను అడిగినారా?"

"అమ్మను అడిగేదేంది సార్," అన్నారు ఇద్దరూ ఒకేసారి. "అమ్మ మాదే కదా."

విడిపోయాక అన్నదమ్ములకు ఏకాభిప్రాయం కుదిరింది ఈ ఒక్క ముక్క దగ్గరే.

మునివెంకటమ్మ ముందుకు జరిగింది. "నా మొకానికి నన్ను అడగల్లనా అప్పా?"

"అడగల్లమ్మా. మీరు వద్దంటే వద్దే."

"నన్నెరిగినోళ్ళేనా అట్ల రాసింది?"

"ఎరగరమ్మా. మీలాంటోరు ఎవరో ఒకరు ఉంటారని చట్టంలో రాసిపెట్టినారు."

నందికొండ మీద నుంచి మబ్బుల్ని కిందికి చూసినప్పుడు కూడా ఆమె అలా నోరు తెరవలేదు. పెళ్ళి కుదిరిన సంగతి వాళ్ళ నాయన తాంబూలాలు పుచ్చుకుని వచ్చాక చెప్పాడు. చేను అమ్మిన సంగతి కొన్నవాడు వచ్చి గట్టు వేస్తుంటే తెలిసింది. ఇవాళ యాడనో ఢిల్లీలో పెద్దమనుషులు, ఆమె మొహమే చూడనివాళ్ళు, ఆమె ఊ అనేదాకా చెప్పులు విడిచి వాకిట్లో నిలబడి ఉన్నట్టు తోచింది. చీర సర్దుకుని నిటారుగా కూర్చుంది.

సంతకానికి పెట్టిన కాగితం వెనక్కి తోసింది. "ఇద్దరికీ ఇయ్యను. మీకు మొకాలు లేవా? అవి ఏసుకోండి."

"యాపారం పోతాదమ్మా," అన్నాడు ఆనంద్‌కుమార్.

"నువ్వు వాణ్ణి నందీ అని పిలిచి ఎన్నాళ్ళయింది? అది పోయినప్పుడు మీకేం నష్టం కనపడలేదే."

అచ్చేసే ముందు ఇద్దరి కొత్త బొమ్మలూ తనకు చూపించాలని కూడా ఆజ్ఞాపించి లేచింది. తిరుగు దారిలో గూళూరు బస్సు ఎదురైంది. దాని వెనక ఉన్న తనను చూసి మునివెంకటమ్మ మొదటిసారి పెద్దమనిషిని చూసినట్టు తల పంకించింది.

కొత్త నమూనాలు వచ్చిన రోజు నందీశ్ గడప అవతలే నిలబడి, తన కాగితం ఆశా చేతికిచ్చాడు. ఆమె రెండింటినీ లోపల మునివెంకటమ్మ ముందు పక్కపక్కన పరిచింది. ఇద్దరూ ఎండలోనే ఫోటో తీయించుకున్నారు. ఇద్దరి కనుబొమలూ ముడుచుకునే ఉన్నాయి.

పాలు తోడేయడానికి ఇంత మజ్జిగ అడుగుదామని వచ్చిన పక్కింటి హనుమక్క వంగి చూసింది.

"ఇదేమ్మే మునెంకటమ్మా," అంది చాలా బాధగా. "నీకు మీసాలు పెట్టి అచ్చేసినారే. రెండు దాంట్లోనూ."

ముందు ఆశా నవ్వింది. లాయరు చెప్పిన ఆ మామూలు మనిషి మజ్జిగ గిన్నెతో ఇంటికే వచ్చి తీర్పు చెప్పేసిందని నందీశ్‌కు అర్థమైంది. "అన్నా, ఇది కూడా కాపీ అని నోటీసిస్తావా?"

ఆనంద్‌కుమార్ రెండు బొమ్మల్నీ చూశాడు. అదే ముక్కు, అదే నుదురు. పొయ్యి పొగలో అమ్మ కూర్చున్న ఏళ్ళన్నీ ఆ రెండు కాగితాల మీద ఉన్నట్టనిపించింది.

"మనిద్దరమూ కాపీలే, నందీ. లోపలికి రారా."

వాడు చెప్పులు విడిచి వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. అన్న కూడా వచ్చి వాడి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఇద్దరం కలిసి అడుగుతాండాము," అన్నాడు ఆనంద్‌కుమార్. "ఒకే పాకెట్టు చేస్తాము. నీ మొకం పెట్టుకోవచ్చునా?"

మునివెంకటమ్మ ఇద్దరి తలల మీదా చెయ్యి వేసింది. కళ్ళు నిండినా కనుబొమలు మాత్రం పాకెట్టు మీద ఉన్నట్టే ముడిచింది.

"యోచన చేసి చెప్తా."

మజ్జిగ తేవడానికి వంటింట్లోకి పోయింది. అక్కడ ఎవరూ లేరని చూసుకుని, ఎలా ఉంటుందో విందామని ఆ మాటను ఇంకోసారి మెల్లగా అనుకుంది.