అమ్మమ్మకు నేర్పిన ఇంగ్లీషు ముక్క

అది బుధవారం. సాయంత్రం ఆరూ నలభై. మర్నాడు పొద్దున పదింటికి ఇంగ్లీషు పరీక్ష.

మూడో అంతస్తులో, మెట్లకు ఎదురుగా ఉన్న రెండు గదుల వాటాలో, వాన జల్లుకు కిటికీలన్నీ మూసుకుని ఒక అమ్మాయి పద్యం బట్టీపడుతోంది. బడిలో ఆమెకు చక్కని పేరే ఉంది. ఇంట్లో మాత్రం అందరూ మొండి అనే పిలిచేవారు. పుట్టినప్పుడు నర్సమ్మ వీపు మీద రెండు చరిచినా ఏడవలేదట. ఇక లాభం లేదనుకునేసరికి ఏడ్చిన ఏడుపు వీధి చివరిదాకా వినిపించిందట. పేరు ఆ పూటే పడింది.

ఇంగ్లీషు ఆమెకు కొరుకుడుపడని పాఠం. కిందటిసారి పద్యాల దగ్గరే తప్పింది. వాళ్ళమ్మ లాండ్రీలో పనిచేస్తుంది. "ఈసారీ తప్పితే ఇక్కడికి పంపించమ్మా, ఇస్త్రీబల్ల ఒకటి ఖాళీగానే ఉంది" అన్నాడు లాండ్రీ యజమాని, ఎంతో దయగా. ఆ దయ మొండికి ముల్లులా గుచ్చుకుంది. "ఆయన బల్ల ఆయన్నే తోముకోమను. నేను పాసవుతా" అంది.

టీచరమ్మ చెప్పింది ఒక్కటే. తలుపు పద్యం తప్పకుండా వస్తుంది, ఆఖరి చరణం పొల్లుపోకుండా రావాలి.

చిన్న పద్యమే. కింద కవి పేరు లేదు. వానలో ఒక బాటసారి ఒక ఇంటి తలుపు కొడతాడు. ప్రతి చరణం చివరా "మే ఐ కమిన్?" అని అడుగుతాడు. లోపలివాళ్ళు "నాట్ యెట్" అంటారు, ఇప్పుడే కాదని. చలేస్తోందంటాడు. దూరం నుంచి వచ్చానంటాడు. ఈ ఇల్లు నాకు తెలిసిందే అంటాడు. ఆ తర్వాత, లోపల ఎవరెవరున్నారో వాళ్ళ పేర్లు కూడా తెలుసంటాడు. ఆఖరి చరణంలో మాత్రం ఏమీ చెప్పుకోడు. ఊరికే అడుగుతాడు. లోపలివాళ్ళు "ఎస్, కమిన్" అంటారు. పద్యం అక్కడితో సరి. లోపలికి వచ్చి ఏం చేశాడన్నది పుస్తకంలో లేదు.

ఆ ఇంట్లో ఏ పాఠమైనా ఒకరు అడగాలి, ఒకరు అప్పజెప్పాలి. అమ్మ తన చిన్నతనంలో ఎక్కాలన్నీ అమ్మమ్మకు అలాగే అప్పజెప్పింది. ఇప్పుడు అమ్మకు తీరిక లేదు. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు, మోకాళ్ళు లేవనివ్వవు, చెవులు కొంచెం మందం. అయినా మొండి వదల్లేదు.

"నాట్ యెట్ నేనే చెప్పుకుంటా. ఆఖరి చరణం ముందు రెండు దెబ్బలు కొడతా. ఆ తర్వాత నేను మే ఐ కమిన్ అనగానే నువ్వు ఎస్, కమిన్ అనాలి. అంతే నీ పని."

"ఇంతోటి దానికి అన్నిసార్లు లేదు పొమ్మనడం దేనికే? వానలో మనిషిని గుమ్మంలో నిలబెట్టడం ఏం మర్యాద? ముందే రమ్మనొచ్చుగా."

"పద్యం రాసినవాణ్ణి అడుగు."

అమ్మమ్మ ఆ ముక్కను దేవుడి నామంతో పాటు జపించి నేర్చుకుంది. పాలబ్బాయికి కమిన్. కరెంటు బిల్లు తెచ్చినతనికి కమిన్. అమ్మ పని నుంచి రాగానే బయట నిలబడి "మే ఐ కమిన్?" అనేది, లోపలి నుంచి "ఎస్, కమిన్!" అని అమ్మమ్మ కేక వేసేది. వారం రోజులుగా ఆ ఇంట్లో ఇదే నవ్వు.

ఆ సాయంత్రం అమ్మమ్మ లోపలి గదిలో దేవుడి దీపం ముందు కూర్చుని ఉంది. మొండి ముందుగదిలో అటూ ఇటూ తిరుగుతూ మొదటి చరణం అంటోంది. అంతలో కరెంటు పోయింది.

వాన చప్పుడు ఒక్కసారిగా దగ్గరికి వచ్చినట్టయింది. లోపలి గది గుమ్మంలోంచి దీపం వెలుగు గీతలా నేల మీద పడుతోంది. మొండి కొవ్వొత్తి కోసం తడుముకుంటూనే రెండో చరణం ఎత్తుకుంది. సగంలో ఒక పాదం మరిచిపోయింది. నాలుక మీదే ఉంది, రావడం లేదు.

తలుపు అవతలి నుంచి ఎవరో ఆ పాదం అందించారు.

మెల్లగా, తడిసిన గొంతుతో, ఒక్క తప్పు లేకుండా.

"థాంక్స్ బాబాయ్" అంది మొండి. కింది వాటాలో ఉండే టైపిస్టు బాబాయికి ఇంగ్లీషు బాగా వచ్చు. కరెంటు పోతే మెట్ల మీదకొచ్చి కూర్చోవడం ఆయన అలవాటు.

"మే ఐ కమిన్?" అని మాత్రం వినిపించింది.

పద్యం కదా… "నాట్ యెట్" అంది మొండి నవ్వుతూ.

అప్పుడు వాసన తెలిసింది. పిండి ఆరేయడం మరిచిపోతే ముక్కిపోయిన బట్టల వాసన. తలుపు కింద సందులోంచి వస్తోంది. అమ్మ లాండ్రీ నుంచి తెచ్చే సబ్బు వాసన కాదది. చాలాకాలంగా నీళ్ళల్లోనే ఉన్న వాసన.

మూడో చరణం మొండి మొదలుపెట్టలేదు. తలుపే మొదలుపెట్టింది. ఈ ఇల్లు నాకు తెలిసిందే… మే ఐ కమిన్?

"నాట్ యెట్."

ఈసారి నవ్వు రాలేదు. మెట్ల మీద బాబాయి దగ్గు కోసం చెవులు రిక్కించింది. లేదు. నాలుగో చరణం వస్తోంది. పేర్ల చోట పుస్తకంలో ఏవో పరాయి పేర్లున్నాయి. ఆ గొంతు వాటిని తీసేసింది.

"మొండి…" అంది. కాస్త ఆగి, అంతే మెత్తగా, అయినా లోపలి గదిదాకా వినపడేలా, "గువ్వపిల్ల…" అంది.

మే ఐ కమిన్?

"నాట్ యెట్!"

చేతికి దొరికిన కొవ్వొత్తి మొండి పిడికిట్లో మెత్తబడి వంగిపోయింది. ఒక సంగతి మాత్రం తెలిసొచ్చింది. నాట్ యెట్ అన్నప్పుడల్లా అది ఆగుతోంది. కానీ ఇక మిగిలింది ఒక్క చరణం. ఆ చరణానికి ఉన్న జవాబు ఒక్కటే. ఆ జవాబు తన దగ్గర లేదు… లోపలి గదిలో ఉంది.

తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

లోపల అమ్మమ్మ గొంతు సవరించుకోవడం వినిపించింది.

మొండి పరుగెత్తింది. గడప తగిలి పడింది, లేచింది. అదే సమయానికి తలుపు అవతలి నుంచి ఆఖరి ప్రశ్న వచ్చింది. తడి గొంతుతో కాదు. అచ్చంగా మొండి గొంతుతో.

"మే ఐ కమిన్?"

అమ్మమ్మ మొహం వెలిగింది. "ఎస్…" అంది.

మిగిలిన ముక్క మొండి అరచేతిలో ఆగిపోయింది. అమ్మమ్మ కళ్ళు గుండ్రంగా విచ్చుకున్నాయి. ఎదుట ఉన్న మనవరాలి పెదవులు కదలడం లేదు. బయటి నుంచి మనవరాలే మళ్ళీ అడుగుతోంది.

"అమ్మమ్మా, అది నేను కాదు" అని చెవిలో గుసగుసలాడింది మొండి. చెయ్యి మెల్లగా తీసింది.

"గువ్వపిల్ల అన్నట్టు వినపడిందే… మా నాన్న పిలిచిన పేరది. ఆ పేరు తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు." అమ్మమ్మ తలుపు వైపు చూసింది. "నాన్నేనేమోనే. వానలో నిలబడ్డాడేమో…"

"మీ నాన్నకి ఇంగ్లీషు వచ్చా?"

"సంతకమే రాదు."

"మరి?"

అమ్మమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. రెండు చేతులతో తన నోరు తనే మూసుకుంది.

తలుపు గడియ కదిలింది. విరగలేదు, ఊడలేదు. ఎవరో చలికి వణుకుతూ పట్టుకున్నట్టు… టకటక… టకటక…

మొండికి అప్పుడు భయం కన్నా ముందు ఒళ్ళు మండింది. వారమంతా గొంతు చించుకుని నేర్చుకున్న పద్యం. రేపటి పరీక్ష. తన అమ్మమ్మ. వీటన్నిటినీ ఏదో ముక్కూమొహం తెలియనిది వచ్చి తనదే అన్నట్టు వాడుకుంటోంది. వెళ్ళి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. అవతలి చల్లదనం చెక్కలోంచి వెన్నుకు తగిలింది.

"ఇదిగో, విను. పద్యం ఎవడు రాశాడో నాకనవసరం. ఈ ఇంట్లో జవాబు చెప్పేది నేను. నాట్ యెట్. ఎన్నిసార్లు అడుగుతావో అడుగు. నన్ను మొండి అన్నది ఊరికే కాదు."

అది అడిగింది. మొండి చెప్పింది. మళ్ళీ అడిగింది, పసిపిల్ల గొంతుతో, ముసలి గొంతుతో, టీచరమ్మ గొంతుతో. మొండి గొంతు బొంగురుపోయింది, మాట మాత్రం మారలేదు. లోపల అమ్మమ్మ నోరు మూసుకునే దేవుణ్ణి తలుచుకుంటోంది. కొంతసేపటికి అవతల వాన తప్ప ఏమీ మిగల్లేదు.

తర్వాత మెట్ల మీద అడుగులు. తలుపు ముందు ఆగాయి. అమ్మ గొంతు, అలసటగా, నవ్వుతూ…

"మే ఐ కమిన్?"

మొండి తలుపుకు వీపు ఇంకా గట్టిగా ఆనించింది. "నాట్ యెట్" అంది.

"ఏంటే?"

"నాట్ యెట్!"

"నాట్ యెట్టూ లేదు, నీ మొహమూ లేదు! పొద్దుటి నుంచి నిలబడి కాళ్ళు పీక్కుపోతున్నాయి. తలుపు తీస్తావా, జుట్టు పట్టుకుని నాలుగు తగిలించనా?"

ఆ పద్యంలో తిట్లు లేవు. మొండి తలుపు తీసింది. రమ్మనలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాగి గడియ వేసింది.

"మెట్ల మీద ఎవరో ఎదురొచ్చారు" అంది అమ్మ తల తుడుచుకుంటూ. "చీకట్లో మొహం కనపడలేదు. బాబాయనుకుని పలకరించా. బాబాయి పొద్దున్నే ఊరెళ్ళాడని ఇప్పుడు గుర్తొచ్చింది!"

ఆ రాత్రి ముగ్గురూ ఒకే మంచం మీద పడుకున్నారు.

తెల్లారేసరికి వాన వెలిసింది. మెట్లన్నీ పొడిగా ఉన్నాయి. గుమ్మం ముందు మాత్రం నీళ్ళు నిలిచి ఉన్నాయి. అమ్మ పాత దుప్పటి తెచ్చి తుడిచింది. పిండింది. మళ్ళీ తుడిచింది. ఆ పొద్దున అమ్మమ్మ తను నేర్చుకున్న ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్కను దేవుడి ముందు వదిలేసింది. బదులుగా నాట్ యెట్ నేర్చుకుంది. పాలబ్బాయి పాలు బయటే పెట్టి పోయాడు.

"ఆఖరి చరణం వస్తే ఏం చేస్తావే?" అంది అమ్మ జడ వేస్తూ.

"చూద్దాం."

అమ్మ లాండ్రీకి సెలవు చెప్పింది. మొండిని బడి గేటుదాకా దిగబెట్టింది.

ఆఖరి చరణమే వచ్చింది. చివరి పాదం చోట చుక్కలు పెట్టి, పూరించమన్నారు. మొండి కలం ఆ చుక్కల మీద ఆగింది. ఆ మార్కులు పోతే ఇస్త్రీబల్ల ఒక అడుగు దగ్గరికి జరుగుతుంది. అది ఆమెకు తెలుసు.

హాలు తలుపు దగ్గర ఎవరో ఆలస్యంగా వచ్చినట్టున్నారు. తడిసిన గొంతు.

"మే ఐ కమిన్?"

మొండి తలెత్తేలోపే, కాగితాలు సర్దుకుంటున్న కాపలా టీచరు తలెత్తకుండా అలవాటుగా అనేసింది.

"ఎస్, కమిన్."

గుమ్మంలో ఎవరూ లేరు. బెంచీల మధ్యగా ముక్కిన బట్టల వాసన నడిచి వచ్చింది. మొండి వెనక ఖాళీగా ఉన్న బెంచీ కిర్రుమంది.

మొండి వెనక్కి తిరగలేదు. పళ్ళు బిగించి, చుక్కల మీద పెద్ద అక్షరాలతో నాట్ యెట్ అని రాసింది. కింద గీత గీసింది. కాగితం చిరిగేంత గట్టిగా ఇంకో గీత గీసింది.

వెనక ఎవరో కలం తీసుకుని, "ఎస్…" అని తడి గొంతుతో గొణుగుతూ రాయడం మొదలుపెట్టారు.