కుడికి తిప్పినవాడు

చీకటి పడితే ఆ షెడ్డు ఛాయలకి ఎవడూ పోడు. కూలిన విమానాన్ని ఏరుకొచ్చి నేలమీద పరిచింది అక్కడే — ముక్కు చోట ముక్కు, తోక చోట తోక, నడుమ కాలిన సీట్లు. రాత్రిళ్ళు లోపల ఎవరో గొణుగుతారట... చచ్చిన పైలటేనని చెప్పుకుంటారు.

అలాంటి చోటికి మన మేస్త్రీ ఒంటరిగా, అర్ధరాత్రి వెళ్ళాడు. ధైర్యమనుకునేరు, ఒట్టి భయం!

ఆ విమానానికి మరమ్మతు చేసిన ముగ్గురిలో ఆయనొకడు. పైలట్ చేతిలో చక్రం తిప్పితే రెక్కల చివర పలకల్ని ఆడించే కేబుళ్ళు రెండుంటాయి. ఈ మహానుభావుడు దీని చోట అది, దాని చోట ఇది బిగించేశాడు. చక్రం తిప్పి రెక్కవంక ఒక్కసారి చూస్తే తెలిసిపోయేది. చూడలేదు, ఇంటికెళ్ళే తొందర. ఆ కుర్ర పైలట్ కుడికి తిప్పాడు... విమానం ఎడమకి ఒరిగింది. పాపం, ఇంకా తిప్పాడు... ఇంకా ఒరిగింది. వెనక సీట్లలో ప్రయాణికులతో సహా ఒక్కరూ మిగల్లేదు.

లోకమంతా పైలట్‌నే ఆడిపోసుకుంటుంటే మేస్త్రీ కిక్కురుమనలేదు. ఇంతలో దర్యాప్తు చేసే మేడమ్, రేపు పొద్దున్నే కేబుళ్ళు చూస్తానంది. ఈలోగా వాటిని సరిచేసి పెడితే సరి, చచ్చినవాడు లేచొచ్చి సాక్ష్యం చెప్తాడా?

టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని పాక్కుంటూ దూరాడు. విప్పాడు... మార్చాడు... బిగించాడు. హమ్మయ్య అనుకుని కేబుల్ లాగి చూశాడు —

అటునించి ఎవరో లాగారు.

టార్చి జారిపడి ఆరిపోయింది. ముక్కువైపు నుంచి గుసగుస... "కుడికే తిప్పాను..."

మేస్త్రీ చీకట్లోనే చేతులు జోడించాడు. "తప్పయిపోయింది బాబూ... నేనే... నేనే తారుమారు చేశాను..."

లైటు వెలిగింది. పైలట్ సీట్లో దర్యాప్తు మేడమ్!

"తారుమారయ్యాయని మొదటిరోజే తెలుసు మేస్త్రీగారూ, ఫోటోలు తీసి ఉంచాం. ముగ్గురిలో ఎవరో తేలలేదంతే. దెయ్యం పుకారు పుట్టించింది నేనే. ఇక్కడ పని ఉన్నవాడు తప్ప ఇంకెవడూ రాడని."

"మేడమ్... పిల్లలుగలవాణ్ణి..."

"మా అమ్మకీ ఉండేవాడొకడు. ఈ సీట్లోనే కూర్చునేవాడు. నా తమ్ముడు." పెళ్ళయి ఇంటిపేరు మారడంతో ఆ సంగతి ఎవరూ పోల్చుకోలేదు. "నువ్వు కిక్కురుమనకుండా కూర్చున్నన్నాళ్ళూ జనం వాణ్ణి తిట్టారు. మా అమ్మ గడప దాటలేదు. పొద్దున పోలీసులొస్తారు, అందాకా ఇక్కడే పడుండు."

లైటార్పి, బయటినించి తాళం వేసుకుని వెళ్ళిపోయింది.

మేస్త్రీ చీకట్లో కూలబడ్డాడు. పోనీలే, జైలే కదా, దెయ్యమైతే లేదు... అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

వెనక కాలిన సీట్లలో 'టక్'మని ఒక బెల్టు పెట్టుకున్న చప్పుడైంది.

దాని పక్కన ఇంకొకటి... ఆ వెనక వరసలో మరొకటి... ఒక్కొక్కరే, అందరూ పెట్టుకుంటున్నారు.