బ్రేకు మేడం, సిటీబాబు

"క్లచ్ తొక్కమన్నాను. కళ్ళు మూసుకోమన్లేదు."

అతను కళ్ళు తెరిచాడు. కారు బాగానే ఉంది, రోడ్డూ బాగానే ఉంది. బానెట్‌కి జానెడు దూరంలో ఒక పెద్దాయన మాత్రం గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, కొత్త స్టూడెంటా?" అన్నాడు పెద్దాయన, తన మోకాళ్ళ సంగతి పట్టించుకోకుండా.

"కొత్తే బాబాయ్. సిటీ నుంచి వచ్చారు."

"అదా సంగతి!" అని ఆయన నింపాదిగా రోడ్డు దాటాడు. సిటీ నుంచి వచ్చినవాళ్ళు మనుషుల్ని గుద్దడం మామూలే అన్నట్టు.

అతనికి ఒళ్ళు మండింది. "మా సిటీలో ఎవరూ ఇలా రోడ్డు మధ్య నిలబడి కబుర్లు చెప్పరు మేడం."

"మీ సిటీలో మీరు కారు నడిపేవారా?"

"లేదండీ. అక్కడ అవసరం రాదు. మెట్రో ఉంది, క్యాబులున్నాయి."

"మరి నిలబడితే వాళ్ళకేం భయం?" అంది ఆమె. "బండి స్టార్ట్ చెయ్యండి సిటీబాబూ."

ఆ పేరు సాయంత్రానికల్లా వీధంతా పాకింది. ఆమె పేరు మాత్రం ముందునుంచే ఉంది. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, ఆమె పాదం దాని మీంచి కదలదు. అందుకని నేర్చుకునేవాళ్ళంతా బ్రేకు మేడం అంటారు. స్కూలు వాళ్ళ నాన్నది. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన మాస్టారాయన. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక టేబుల్ ముందు కూర్చుని, దారిన పోయే ప్రతి బండికీ మార్కులేస్తుంటాడు.

సిటీబాబు ఈ ఊరు కోరి రాలేదు. కంపెనీ దక్షిణాన, మ్యాపులో వేలు బాగా కిందకి జారిస్తే తగిలే ఒక చిన్న నగరంలో బ్రాంచి తెరిచింది. "నీ మీద నమ్మకంతో పంపిస్తున్నాం" అన్నాడు మేనేజరు. నమ్మకం లేనివాళ్ళంతా హెడ్డాఫీసులో ఉండిపోయారు. ఫ్రెండ్స్ "పీస్‌ఫుల్‌గా ఉంటుందిరా" అన్నారు, తాము మాత్రం చచ్చినా వెళ్ళని చోటు గురించి మాట్లాడే గొంతుతో. అమ్మ అయితే ఫోన్లో ఏడ్చినంత పని చేసింది.

"అక్కడ మంచి డాక్టర్లుంటారా నాన్నా?"

"నాకేం జబ్బులేదమ్మా."

"ఇప్పుడు లేదు. అక్కడికెళ్ళాక వస్తే?"

అద్దెకి రెండు గదులు తీసుకున్నాడు. అట్టపెట్టెలు విప్పలేదు. ఎలాగూ కొన్నాళ్ళలో వెనక్కి పోయేవాడే కదా. ఒక పెట్టె మీద కూర్చుని, ఇంకో పెట్టె మీద కంచం పెట్టుకుని తినేవాడు. కిటికీకి కర్టెను బదులు దుప్పటి కట్టాడు.

అసలు చిక్కు ఆఫీసు కారుతో వచ్చింది. బ్రాంచి ఊరికి దూరంగా బైపాస్ మీద ఉంది. బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుక్కూడా తెలీదు. అందుకని కంపెనీ పాత కారొకటి ఇచ్చింది. తనకి డ్రైవింగ్ రాదని చెప్పచ్చు. కానీ సిటీవాడికి డ్రైవింగ్ రాదంటే పరువేం కావాలి? కారుకి కవరు కప్పి, "సర్వీసింగ్‌కి ఇవ్వాలి సార్" అని ఆఫీసులో అబద్ధం చెప్పి, తెల్లారగానే దొంగతనంగా బ్రేకు మేడం దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టాడు. దొంగతనంగా అని అతననుకున్నాడు. వాళ్ళ బ్రాంచిలో అకౌంటెంటుకి డ్రైవింగ్ నేర్పింది కూడా మేడమే.

పాఠాలు సాగాయి. గేరు మార్చినప్పుడల్లా కారు దగ్గేది. కారు దగ్గినప్పుడల్లా అతను సిటీ గొప్పలు చెప్పేవాడు.

"మా సిటీలో ఫ్లైఓవర్ ఒకటుంది మేడం. చివరికొచ్చేసరికి అయిదు రోడ్లుగా చీలుతుంది."

"చీలితే?"

"చీలితే ఏముంది, అదీ అందం!"

"అందం కాదు బాబూ. ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలంటే వాటిల్లో ఏది పట్టుకోవాలి?"

అతను ఉత్సాహంగా చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా కిక్కిరిసిన బస్సుల్లో ఎవరో ఒకరి చంకలో తల పెట్టి ఆ సిటీ అంతా తిరిగిన మనిషి. ఏ రోడ్డెక్కడ కలుస్తుందో, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో, ఏ స్టాపులో జనం తోసుకుంటారో అన్నీ నోటికొచ్చు. ఆమె అడిగేకొద్దీ చెప్పేవాడు. ఇంతవరకు అతని మాటలు ఎవరూ ఇంత శ్రద్ధగా వినలేదు. అమ్మ కూడా మధ్యలో స్టవ్ కట్టేయడానికి లేచి వెళ్ళేది.

ఒకరోజు వాన పట్టుకుంది. వైపర్లు ఆ వానకి చాల్లేదు. కారు పక్కకి ఆపి కూర్చున్నారు. లోపల అద్దాలు మసకబారాయి.

"ఆ స్టేడియం దగ్గర వన్‌వే అన్నారు, నాకు సరిగా అర్థంకాలేదు," అంది ఆమె.

అతను మసకద్దం మీద వేలితో గీశాడు. ఇదిగో స్టేడియం, ఇదిగో సిగ్నలు. గీస్తూ గీస్తూ ఆమె వైపు అద్దం దాకా వచ్చేశాడు. ఆమె వెనక్కి జరగలేదు. తన వేలితో ఒక గీత అందుకుని, "ఇక్కడ లెఫ్ట్ కొడితే మార్కెట్టా?" అంది.

"అవును."

"నువ్వు చెప్పింది గుర్తుంది చూడు!"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించనట్టు నటించారు. బయట వాన కూడా మర్యాదగా ఇంకాసేపు కురిసింది.

ఆ ఆదివారం అతను కర్టెన్లు కొన్నాడు. పెట్టెలు విప్పాడు. ఒక దాంట్లో అమ్మ సర్దిన మందులు దొరికాయి, ఊళ్ళో ఉన్న మెడికల్ షాపు కంటే ఎక్కువ.

ఆ వారంలోనే మేనేజరు ఫోన్ చేశాడు. "ఇక్కడ సీటు ఖాళీ అయింది. వచ్చేస్తావా? ఇప్పుడు కాదంటే మళ్ళీ ఎప్పుడో చెప్పలేను."

"ఇక్కడ పని సగంలో ఉంది సార్."

"ఏం పని?"

"రివర్స్ గేరు," అన్నాడు నోరు జారి. "అంటే... బ్రాంచిని సెట్ చెయ్యాలి సార్."

సీటు ఇంకొకడికి వెళ్ళింది. సిటీబాబు అద్దంలో చూసుకుని జుట్టు సవరించుకున్నాడు. త్యాగం చేసినవాడి మొహం తనకి నప్పిందనిపించింది. సంగతి ఆమెకి చెప్పలేదు. లైసెన్సు వచ్చిన రోజున, సర్‌ప్రైజుగా, ఒకేసారి అన్నీ చెప్పాలని.

లైసెన్సు వచ్చింది. రివర్స్‌లో ఒక్క కోన్ మాత్రమే పడగొట్టాడు. దాన్ని గాలి పడేసిందని టెస్టు పెట్టిన ఆఫీసరే ఒప్పుకున్నాడు, మేడం ముఖం చూసి.

"నీకో మాట చెప్పాలి," అన్నాడు అతను, స్కూలు కారులో కూర్చుని.

"నేనూ చెప్పాలి. ముందు నాది. కడుపు ఉబ్బిపోతోంది చెప్పకపోతే."

"చెప్పు."

"నాకు ఉద్యోగం వచ్చింది. సిటీ బస్సు డ్రైవర్‌గా. మీ సిటీలో!"

అతను సీటుబెల్టు తీసేశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"మొన్న రెండ్రోజులు క్లాసుల్లేవన్నానే, ఇంటర్వ్యూకే వెళ్ళాను. చిన్న ఊరి పిల్లవి, మా రోడ్లు నీకేం తెలుసు అన్నాడు ఆఫీసరు. ఫ్లైఓవర్ దిగాక అయిదు చీలికలూ చెప్పాను. స్టేడియం వన్‌వే చెప్పాను. ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో చెప్పేసరికి ఆయన పెన్ను కింద పెట్టాడు. అంతా నీ చలవే!"

ఇన్నాళ్ళూ తను మాట్లాడుతుంటే ఆమె తనని చూస్తోందనుకున్నాడు సిటీబాబు. ఆమె అతని భుజం మీంచి సిటీని చూస్తోంది.

"పన్నెండు మీటర్ల బస్సు తెలుసా! ఎన్నేళ్ళని ఈ డబ్బా కారులో పక్కసీట్లో కూర్చుని ఇంకొకళ్ళ బండి ఆపుతాను? ఇంతకీ నీ ట్రాన్స్‌ఫర్ ఎప్పుడు? పనయిపోగానే పారిపోతానంటావుగా."

"వచ్చింది."

"అబ్బ! ఎప్పుడు వెళ్తున్నావు?"

"వద్దన్నాను."

"ఎందుకు?"

అతను వైపర్లు వేశాడు. వాన లేదు. పొడి అద్దం మీద కీచుమంటూ తిరిగాయి. ఆమె చెయ్యి చాపి ఆపింది. అర్థమయినట్టుంది.

"ఎవరడిగారు నిన్ను?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"నన్నసలు చూశావా నువ్వు? లేక రోడ్లేనా?"

"చూశాను. రోడ్డునీ పక్కవాడినీ కలిపి చూడ్డమే నా ఉద్యోగం."

మర్నాడు పొద్దున్నే మాస్టారు పళ్ళ సంచీతో అతని ఇంటికొచ్చాడు. వచ్చీరాగానే గోడవారగా ఉన్న మందుల అట్టపెట్టె మీద కూర్చున్నాడు. అది కొంచెం కిందకి దిగింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

"సూటిగా చెప్తాను బాబూ. మా అమ్మాయికి మీరంటే ఇష్టం. అది చెప్పదు. ఇల్లంతా మీ సిటీ కబుర్లే. నాకూ వాళ్ళమ్మకీ అభ్యంతరం లేదు."

సిటీబాబు పళ్ళ సంచీ అందుకుని, ఎక్కడ పెట్టాలా అని గదంతా చూశాడు.

"ఇదేదో బస్సు పిచ్చి పట్టుకుంది దానికి. సోమవారం ట్రైనింగ్‌కి బయల్దేరాలంటోంది. పెళ్ళి కుదిరిందంటే అదే మానుకుంటుంది. మీరెలాగూ ఇక్కడే ఉండిపోయారని అకౌంటెంటు చెప్పాడు. ఆదివారం వచ్చి, దాని ముందు 'సరే' అని ఒక్క మాట అనండి చాలు."

తండ్రులు పెళ్ళికి ఒప్పుకోక ప్రేమలు చెడిపోతాయని విన్నాడు అతను. ఒప్పుకోవడం వల్ల చెడేది ఇదే చూడ్డం.

సాయంత్రం ఆమే వచ్చింది. జల్లు పడుతోంది. పైకి రాలేదు. మెట్ల కింద నిలబడింది, జుట్టు తడిసి నుదుటికంటుకుని. ఇంతందంగా ఉన్న మనిషి చెడ్డ కబురు తేకూడదనిపించింది అతనికి.

"నాన్న వచ్చారటగా."

"పళ్ళు కూడా తెచ్చారు."

"ఆదివారం వచ్చి, కుదరదని చెప్పు."

"నేనంటే ఇష్టం లేదా?"

"ఉంది. అందుకే చెప్తున్నాను. నువ్వు సరే అన్నావంటే నేను ఉండిపోతాను. నా సంగతి నాకు తెలుసు. నాన్న కళ్ళు తుడుచుకుంటారు, అమ్మ పక్కింటికి పరిగెడుతుంది, నువ్వు నా వంక చూస్తావు. అంతే, ఉండిపోతాను. కాబట్టి అనొద్దు."

"పెళ్ళి చేసుకుని ఇద్దరం వెళ్దాం. ఉద్యోగం మానేస్తాను."

"మానేసి? రోజూ పాసు తీసుకుని నా బస్సులో తిరుగుతావా?" నవ్వబోయి మానేసింది. "పెళ్ళి అన్న మాట మా ఇంట్లోకి వచ్చిందంటే మిగతా మాటలన్నీ బయటికి పోతాయి. ముందు ముహూర్తం అంటారు, తర్వాత చూద్దాంలే అంటారు. సోమవారం బస్సు నా కోసం ఆగదు."

"పోనీ నేను ఆగుతాను. నీ కోసం."

"అడక్కుండా ఒకసారి ఆగావు. దానికే నాకు నిద్రపట్టట్లేదు. ఈసారి అడిగింది చెయ్యి."

ఆదివారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ముందుగదిలో మాస్టారు, ఆయన భార్య, పక్కన ఆమె. టేబుల్ మీద బిస్కెట్లు పువ్వు ఆకారంలో పేర్చి ఉన్నాయి.

"ఏమంటారు బాబూ?" అన్నాడు మాస్టారు, అప్పటికే సగం నవ్వుతూ.

"కుదరదండీ."

నవ్వు మిగతా సగం రాలేదు.

"ఏం, మా పిల్లకేం తక్కువ?" అంది వాళ్ళమ్మ.

కాదనడం దాకా ప్రాక్టీసు చేశాడు గానీ, కారణం ఒకటి కావాలన్న సంగతి సిటీబాబుకి తట్టలేదు. అందరూ తనవైపే చూస్తున్నారు. ఆమె కూడా. నోటికేదొస్తే అది అన్నాడు.

"డ్రైవరు పిల్లని చేసుకుంటే మా వాళ్ళలో తలెత్తుకోలేమండీ."

ఇంకో కారణమైతే మాస్టారు వాదించేవాడు. దీనికి వాదించలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అంటారని ముందే అనుకుంటున్న మనిషిలా బిస్కెట్ల పళ్ళెం తన వైపు లాక్కున్నాడు.

"మంచిది బాబూ. వెళ్ళిరండి."

గేటు దాకా ఆమె వచ్చింది. ఇప్పుడు ఆమెని ఎవరూ ఆపరు. సిటీవాడికి చూపించడానికైనా మాస్టారు తనే బస్సెక్కిస్తాడు. పని అయితే అనుకున్నదానికంటే బాగానే జరిగింది.

"ఆ మాట అక్కడికక్కడ పుట్టిందా?" అడిగింది. "ముందునుంచీ ఉందా?"

"ఛ, అక్కడికక్కడే."

కానీ అనడానికి ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో అతనికి కిందటి వారం అమ్మతో మాట్లాడిన ఫోన్ గుర్తొచ్చింది. అమ్మాయి ఏం చేస్తుందిరా అని అమ్మ అడిగితే, "విద్యాసంస్థలో ఉందమ్మా" అన్నాడు. అప్పుడు అబద్ధమని కూడా అనిపించలేదు.

మనిషి ఎక్కడ తడబడతాడో కనిపెట్టడం ఆమె వృత్తి. కనిపెట్టింది.

"బాగా చెప్పావు," అంది. "నాన్న కూడా నమ్మేశారు."

గేటు వేసి లోపలికి వెళ్ళింది. సోమవారం సిటీకి వెళ్ళిపోయింది.

సిటీబాబు ఇప్పుడు రోజూ కారులోనే ఆఫీసుకి వెళ్తున్నాడు. స్కూలు ముందు నుంచే దారి. మాస్టారు దారిన పోయే బండ్లన్నిటికీ మార్కులేస్తాడు, ఆ ఒక్క కారు వచ్చినప్పుడు తల తిప్పుకుంటాడు.

చాలా రోజులకి, ఒక సాయంత్రం, ధైర్యం చేసి అమ్మకి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆ అమ్మాయి విద్యాసంస్థ కాదు. డ్రైవరు. బస్సు నడుపుతుంది."

అవతల స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"పెళ్ళీ గిళ్ళీ అనుకున్నారేంట్రా?"

"లేదమ్మా. వెళ్ళిపోయింది."

"హమ్మయ్య," అంది అమ్మ. "అన్నం తిన్నావా?"