నలభై ఒకటో మిషన్

షిన్‌చూలో కంప్యూటర్ డిస్కులు తయారుచేసే ఒక కంపెనీ ఉంది. దాని పరీక్షల గదిలో, కిటికీ పక్కనున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు. ఆ గది ఐదో అంతస్తులో ఉందంటారు గానీ, లెక్కపెడితే నాలుగోదే. అక్కడి భాషలో నాలుగు అంటే చావు అన్నట్టు వినిపిస్తుందని లిఫ్టులో ఆ అంకె పెట్టలేదు. పెట్టకపోయినా చావు ఆ అంతస్తుకు దారి కనుక్కుంది.

నాలుగేళ్ల కిందట ఒక ఉదయం పెంగ్ రుయ్‌లిన్ అనే ఇంజనీరు ఆ బల్ల మీద తల వాల్చి కనిపించాడు. నిద్రపోతున్నాడనుకుని పదింటి దాకా ఎవరూ లేపలేదు. గుండె ఆగి ఆరు గంటలైందని డాక్టరు చెప్పాడు. పక్కన అతని పరీక్షల మిషన్ మాత్రం నడుస్తూనే ఉంది.

ఆ తరవాత దాన్ని ఎవరూ ఆపలేదు. కంప్యూటర్ల జాబితాలోంచి అతని పేరు కొట్టెయ్యడానికి కూడా ఎవరికీ చెయ్యి రాలేదు. గది తుడిచే చియూ పిన్ని ఆ బల్లకు రెండు గజాల ఇవతలే తడిగుడ్డ వెనక్కి తిప్పేసేది.

“చీకటిపడ్డాక ఆ తెర వెలుగుతుంది బాబూ… ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు,” అనేది. పేరు పలికేది కాదు. “ఆయన” అనేది.

ఇదంతా నాకు చెప్పినవాడు లియావ్ జోంగ్‌యూ. అదే గదిలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. ఈ ఒక్క సంగతి చెప్పడానికి రెండు సాయంత్రాలు తీసుకున్నాడు.

లియావ్‌కు దెయ్యాల భయం కంటే పాత జబ్బు ఒకటుంది. దాని పేరు పెంగ్.

పక్కపక్క బల్లల దగ్గర ఎనిమిదేళ్లు పనిచేశారు. లియావ్ వారం రోజులు వెతికిన లోపాన్ని పెంగ్ టీ చల్లారేలోపు పట్టేవాడు. పట్టి, “అన్నా, సగం దారి నువ్వు వేశావు కాబట్టే దొరికింది,” అనేవాడు. ఆ మర్యాదకే లియావ్‌కు ఎక్కువ మండేది. పెంగ్ పనిలో ఒక్క తప్పైనా దొరక్కపోతుందా అని ఎనిమిదేళ్లు వెతికాడు. దొరకలేదు. అంత్యక్రియల రోజు అగరొత్తులు పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు, లోపల ఏదో బరువు దిగినట్టనిపించిందట. ఆ ముక్క చెబుతున్నప్పుడు లియావ్ నా మొహం చూడలేదు.

దిగిన బరువు ఏడాది తిరక్కుండా మళ్లీ ఎక్కింది. తాయ్ యూరోంగ్. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల. పెంగ్ బతికున్న చివరి ఏడాది అతని దగ్గర పని నేర్చుకుంది. వరసగా మూడు పెద్ద లోపాలు పట్టింది. మేనేజర్ గూ నోట ఆమె పేరు వినిపించిన ప్రతిసారీ లియావ్ చేతిలో ఏది ఉంటే అది టక్కున కింద పెట్టేవాడు.

రోజుకు రెండుసార్లు ఆమె కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడేవాడు.

“ఈ లైను ఎవరు రాయమన్నారమ్మా?”

“ఇంకా పూర్తి కాలేదు, లియావ్ అన్నా.”

“పూర్తి కాకముందే ఇన్ని తప్పులా! పూర్తయ్యాక డిస్కులు అమ్మక్కర్లేదు, తప్పులే అమ్ముకోవచ్చు.”

గదిలో నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వి, తెర మీదున్నది మూసేసేది.

కిందటి ఏడాది ఏడో నెలలో — దెయ్యాల లోకం తలుపులు తెరిచి ఉంటుందని అక్కడివాళ్లు నమ్మే నెలలో — కంప్యూటర్లకు ఒక అప్‌డేట్ వచ్చింది. వారం తిరక్కుండా ఫిర్యాదులు మొదలయ్యాయి. పెళ్లి వీడియో గానీ, ఆట గానీ, పెద్ద ఫైలు ఏదైనా ఎక్కిస్తుంటే యాభై జీబీ దాటగానే తెర నీలంగా మారిపోతుంది. మళ్లీ వెలిగిస్తే లోపల ఎస్‌ఎస్‌డి డిస్కు ఉండదు. చెడిపోయిందని చెప్పదు… అసలు అలాంటిదేదీ తనలో ఎప్పుడూ లేనట్టు మాట్లాడుతుంది కంప్యూటర్. పోయిన డిస్కులన్నీ ఈ కంపెనీవే.

శుక్రవారం పొద్దున మేనేజర్ గూ అందరినీ నిలబెట్టాడు.

“రేపు సెలవు లేదు. తొమ్మిదింటికి విరుగుడు నా బల్ల మీద ఉండాలి. ఈ విభాగం పెద్ద కుర్చీ ఖాళీగా ఉంది. తెచ్చినవాళ్లు వచ్చి కూర్చోవచ్చు.”

లియావ్ యూరోంగ్ వైపు చూశాడు. ఆమె నేల వైపు చూస్తోంది. ఏదో దొరికింది దీనికి — అనుకున్నాడు. ఇరవై ఏళ్లు పనిచేశాక, పెంగ్ శిష్యురాలి ముందు నిలబడి సెలవు చీటీ మీద సంతకం అడగాలి. ఆ ఊహకే నోరు చేదెక్కింది.

ఆ రోజంతా గదిలోని మిషన్లన్నిటికీ అప్‌డేట్ ఎక్కించి, ఒకేసారి పెద్ద ఫైళ్లు తోలారు. ప్రతి మిషన్ నెత్తినా బుద్ధిగా నడవమని అక్కడి ఆచారంగా పెట్టిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఉంది. ఆకుపచ్చే ఉండాలి. ఎర్రది పెడితే మిషన్ కూడా ఎర్రదీపమే చూపిస్తుంది. ఆ రోజు ఏ పొట్లమూ పనిచెయ్యలేదు. గోడమీది పెద్ద తెరలో గడులు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. పది… ఇరవై… నలభై.

ఆరింటికి అందరూ కిందికి దిగారు. గేటు దగ్గర పూజ. నూడుల్స్ పెట్టెలు, పళ్లు, బీరు డబ్బాలు బల్ల మీద పేర్చి, తిరిగే ఆత్మలకు పెట్టే పూజ. ఏడో నెలలో అది ఎగ్గొట్టేవాళ్లు ఉండరు. అది అయ్యాక చీకట్లో ఆ అంతస్తుకు తిరిగొచ్చేవాళ్లూ ఉండరు.

లియావ్ దిగలేదు. స్టోర్ గదిలోంచి కొత్త డిస్కులు తెచ్చుకుని ఆరున్నరకు గదికి తిరిగొచ్చాడు.

ఒక్కడే నిలబడి గోడమీది తెరను మళ్లీ చూశాడు. అంతా ఎరుపు. కింద, మూలన, ఒకే ఒక్క గడి — ఆకుపచ్చ.

నలభై ఒకటి.

పెంగ్ మిషన్.

కిటికీ వైపు నడిచాడు. కింద కాలుస్తున్న కాగితాల వాసన కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తోంది. మిషన్ ఫ్యాను సన్నగా తిరుగుతోంది. కూర్చుందామని కుర్చీ మీద చెయ్యి వేశాడు… వేసి, లాక్కున్నాడు.

కుర్చీ వెచ్చగా ఉంది.

మిషన్ మీది పొట్లం తీసి చూశాడు. మూడేళ్ల కిందటిది అయ్యుండాలి. దాని మీది గడువు తేదీ వచ్చే ఏడాది దాకా ఉంది.

మీట నొక్కాడు. తెర వెలిగింది. పైన పేరు — పెంగ్ రుయ్‌లిన్. చివరిసారి పనిచేసిన సమయం — ఈ రోజు, ఆరూ ఇరవై.

కాళ్లు లిఫ్టు వైపే లాగాయి. కానీ తెర మీద ఇంకో అంకె ఉంది. ఎక్కిన ఫైళ్లు — తొమ్మిది వందల జీబీ. మిగతావన్నీ యాభైకే చచ్చిపోయిన చోట, ఇది తొమ్మిది వందలు మోసి ఇంకా నడుస్తోంది.

భయం పక్కకు తప్పుకుంది. దాని చోటులోకి పాత మంట వచ్చి కూర్చుంది.

“చచ్చి మూడేళ్లయింది…” గుసగుసగా అన్నాడు. “ఇంకా నాకంటే ముందే ఉంటావా?”

కుర్చీలో కూర్చున్నాడు.

డిస్కును లోపలినుంచి నడిపే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. ఫర్మ్‌వేర్ అంటారు. నలభై మిషన్లలో ఉన్నది వేరు, ఇందులో ఉన్నది వేరు. తెరిచి చదివాడు. ఒక్క మాట ఎక్కువ లేదు. ఒక్క మాట తక్కువ లేదు. మామూలు రోజైతే ముందు బతికున్న మనిషినే అనుమానించేవాడు. కానీ ఆ పోకడను ఎనిమిదేళ్లు ద్వేషించినవాడు పోల్చుకోకుండా ఎలా ఉంటాడు? పెంగ్ చెయ్యే అది. దేవుడో, దెయ్యమో… ఎవరైతేనేం. చచ్చినవాడు తొమ్మిదింటి మీటింగుకు రాడు.

పెంగ్ పేరు తీసేసి తన పేరు పెట్టుకున్నాడు. నలభై మిషన్లలో కొత్త డిస్కులు బిగించి, ఒక్కొక్కదాంట్లో దాన్ని ఎక్కించి, మళ్లీ ఫైళ్లు తోలాడు.

రాత్రి తొమ్మిదప్పుడు లిఫ్టు ఆగిన చప్పుడు.

తలుపులు తెరుచుకున్నాయి. లియావ్ తల తిప్పలేదు. ఏడో నెలలో వెనక చప్పుడైతే తల తిప్పకూడదు. అడుగుల కోసం చెవి పెట్టాడు… అడుగులు లేవు. కొంతసేపు ఏమీ లేదు. తరవాత తలుపులు మూసుకున్నాయి.

అటు చూడకుండానే తరవాతి మిషన్‌కు ఫైలు తోలాడు.

తెల్లారేసరికి గోడమీది తెర మొత్తం ఆకుపచ్చ.

ఆ గదిలో ఒక నియమం ఉంది. కొత్త ఫర్మ్‌వేర్ ఏది వచ్చినా, ఫైలు ఎక్కుతూ ఉండగా కరెంటు తీగ లాగేసి చూడాలి. మళ్లీ వెలిగిస్తే డిస్కు లేవాలి. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ మొదటిరోజే ఇది నేర్పేది లియావే. ఆ రాత్రి అతను తీగ లాగలేదు. పెంగ్ పని… దాన్ని లాగి చూడటం ఎందుకు? ఎనిమిదేళ్లు వెతికితే దొరకని తప్పు ఇప్పుడు దొరుకుతుందా?

తొమ్మిదింటికి లియావ్ ఒక మిషన్‌ను మేనేజర్ గూ బల్ల మీదికి తెచ్చి పెట్టాడు. ఫైలు ఎక్కుతోంది. నూట ఎనభై జీబీ. రెండు వందలు. తెర చెక్కుచెదరలేదు.

“నాదే సార్. రాత్రంతా కూర్చుని రాశాను.”

గూ మొహం విప్పారింది. “చూశారా! ముదురు అల్లానికే ఘాటెక్కువ. ఊరికే అనలేదు పెద్దలు.”

అందరూ చప్పట్లు కొట్టారు. యూరోంగ్ కొట్టలేదు. ఆమె ఆ తెరనే చూస్తోంది. మొహంలో నెత్తురు లేదు. దగ్గరికొచ్చి, లియావ్‌కు మాత్రమే వినపడేలా అంది —

“అన్నా… తీగ లాగి చూశారా?”

“నాకు నువ్వు నేర్పుతావా?” అన్నాడు గట్టిగా.

“ఏమిటంటోంది?” అన్నాడు గూ.

“తీగ లాగమంటోంది సార్. నేను నేర్పిన పాఠం నాకే అప్పజెబుతోంది.”

“సరే, లాగితే పోయేదేముంది?” గూ నవ్వుతూ వంగి గోడలోంచి తీగ లాగాడు. అయిదు లెక్కపెట్టి మళ్లీ పెట్టాడు.

తెర వెలిగింది. నల్లగా. పైన ఒక్క తెల్లని గీత లాంటి వాక్యం — డిస్కు కనబడలేదు.

గూ పరీక్షల గదిలోకి నడిచాడు. వెనక అందరూ. మొదటి మిషన్ తీగ లాగాడు, పెట్టాడు. లేదు. రెండోది. లేదు. పదో మిషన్ దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

“లియావ్. ఇది ఈపాటికి కస్టమర్లకు పంపేసి ఉంటే…?” గొంతు తగ్గించాడు. “రాసింది నువ్వేనన్నావు.”

లియావ్ కిటికీ పక్క బల్ల వైపు చూశాడు. తప్పు తనదని ఒప్పుకోవచ్చు. ఇరవై ఏళ్లు పోతాయి. ఇంకో దారి కూడా ఉంది. ఆ దారిలో ఎదురు చెప్పేవాళ్లెవరూ లేరు.

“నాది కాదు సార్… పెంగ్‌ది. ఆయన మిషన్‌లోంచి తీశాను. ఆయన పేరు మీదే ఉంది. తేదీ నిన్నటిది…”

చియూ పిన్ని చేతిలోని బకెట్ దభీమని కింద పడింది. వెనకవాళ్లెవరో “అమితాభా” అని బుద్ధుడి పేరు గొణిగారు. కిటికీ పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు మెల్లగా ఇవతలికి జరిగారు. మేనేజర్ గూ కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు.

“పెంగ్ అన్న రాసింది కాదు,” అంది యూరోంగ్. “నాది.”

గది మొత్తం ఆమె వైపు తిరిగింది.

“వారం నుంచి అందరూ వెళ్లాక అక్కడే కూర్చుంటున్నాను సార్. నాకు పని నేర్పేటప్పుడు పెంగ్ అన్న తన పాస్‌వర్డ్ ఇచ్చాడు. అది ఇంకా పనిచేస్తోంది.” లియావ్ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదట, అలసట మాత్రమే. “నా బల్ల దగ్గర రాస్తే మీరు వెనకే నిలబడతారు అన్నా. అక్కడికైతే రారు. నిన్న రాత్రి తిరిగొచ్చాను. లిఫ్టు తెరుచుకోగానే లోపల మీరు కనిపించారు. దిగకుండానే వెళ్లిపోయాను. అది ఇంకా సగమే అయింది. ఫైళ్లు మోస్తుంది. ఏది ఎక్కడ పెట్టిందో ఆ పట్టికను లోపల రాసుకోవడం ఇంకా నేర్పలేదు. కరెంటు పోతే మొత్తం మరిచిపోతుంది.”

మిగతా సగం రాయడానికి ఆమెకు తొమ్మిది రోజులు పట్టింది. విభాగం పెద్ద కుర్చీలో ఇప్పుడు కూర్చున్నది ఆమే.

“యూరోంగ్ రాసిందని తెలిస్తే పదిసార్లు లాగి చూసేవాణ్ణి తీగ,” అన్నాడు లియావ్. “పెంగ్ అనుకున్నాను.”

అప్పుడు సిగ్గనిపించలేదా అని అడిగాను.

సిగ్గు సాయంత్రానికి వచ్చిందట. అందరి ఎదుటా, ఆ నల్లటి తెరల మధ్య నిలబడ్డప్పుడు, ముందుగా వచ్చింది వేరే ఆలోచన.

“సగమే ఇలా ఉంటే… పూర్తిచేస్తే ఎలా ఉంటుంది?”