నల్లజుట్టుకు తెల్లరంగు

డ్రిల్లు టీచరమ్మ టీ కప్పు పట్టుకుని వరండాలో కూర్చుందో లేదో, గేటు తోసుకుని టైలరమ్మ వచ్చేసింది. రిటైరై ఏళ్ళు గడిచినా వీధిలో టీచరమ్మకు ఆ పేరే. టైలరమ్మ ఒకప్పుడు ఆవిడ దగ్గర వాలీబాల్ నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు పిల్లేమిటి లెండి, మనవల్ని ఎత్తుకునే వయసు. కుంటుతూనే వచ్చింది గానీ మొహం మాత్రం వెలిగిపోతోంది.

"టీచర్, మీ పుణ్యమా అని బతికిపోయాను. మోకాలి ఆపరేషన్ వద్దని ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేశా."

"అదేంటే! కీలు అరిగిపోయింది, ఆలస్యం చేస్తే నడవలేవని డాక్టరు అంతలా చెప్పాడుగా?"

"మీకు తగ్గినప్పుడు నాకెందుకు తగ్గదు?" అంటూ ఫోన్ తీసి చూపించింది టైలరమ్మ.

అది టీచరమ్మ కొడుకు నడిపే ఆటసామాన్ల షాపు వెబ్‌సైటు. అందులో టీచరమ్మే నెట్ మీదకి ఎగిరి బంతిని బాదుతోంది. మోకాలికి నల్ల బెల్టు. కింద ఇంతింత అక్షరాలు: 'అరవై అయిదేళ్ళ వాలీబాల్ టీచర్! బెల్టు పెట్టారు, నొప్పి మాయం! ఆపరేషన్‌తో పనే లేదు!'

టీచరమ్మ ఫోన్ లాక్కుని చూసింది. ఆ ఫొటో కొడుకు బళ్ళో చదివేనాటిది. అప్పుడావిడ జడ నల్లగా నిగనిగలాడేది. బొమ్మలో చూస్తే తెల్లగా పండిపోయి ఉంది.

"ఇది అబద్ధమే. నా మోకాళ్ళు నాకే బరువుగా ఉన్నాయి. ముందు ఆసుపత్రికి ఫోన్ చెయ్యి."

టైలరమ్మ నవ్వేసింది. "ఊరుకోండి టీచర్, దిష్టి తగులుతుందని అలా అంటున్నారు. కన్నతల్లి గురించి ఏ కొడుకైనా అబద్ధం రాస్తాడా?" అని కుంటుకుంటూ వెళ్ళిపోయింది. ఆ మాటకు టీచరమ్మకు తల కొట్టేసినంత పనైంది.

లోపల కొడుకు టిఫిన్ తింటూ లాప్‌టాప్‌లో మునిగిపోయి ఉన్నాడు. టీచరమ్మ వెళ్ళి దాని మూత ఠపీమని మూసేసింది.

"అందరూ తెల్లజుట్టుకు నల్లరంగు వేసుకుంటారు. నా నల్లజుట్టుకు తెల్లరంగు వేసిన మహానుభావుడెవరు?"

కోడలు పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. "నేనే అత్తయ్యా. వయసు కనిపించాలన్నారు ఈయన."

"అమ్మా, దాన్ని మార్కెటింగ్ అంటారు. అందరూ అలాగే రాస్తారు," అన్నాడు కొడుకు తేలిగ్గా. "నువ్వే కదా బెల్టు బాగుందన్నావు?"

"వెచ్చగా ఉందన్నాను! నొప్పి పోయిందన్నానా? దుప్పటి కప్పుకున్నా వెచ్చగానే ఉంటుంది!"

టీచరమ్మ వదిలే రకమా? లాప్‌టాప్ తెరిపించి ఒక్కో మాట మీదా వేలు పెట్టి అడగడం మొదలెట్టింది.

"'వైద్యులు మెచ్చినది.' ఏ వైద్యుడురా?"

"ఒక డాక్టరుగారు కొని అయిదు స్టార్లు ఇచ్చారు."

"మోకాళ్ళ డాక్టరా?"

"పళ్ళ డాక్టరు," అంది కోడలు మెల్లగా. కొడుకు పెళ్ళాం వంక గుర్రుగా చూశాడు.

"బాగుంది వరస! 'ల్యాబులో పరీక్షించినది' అట. ఎవరి మోకాళ్ళు పరీక్షించారు?"

"అదీ... గుడ్డని. ఎంత లాగినా చిరగదని కంపెనీవాళ్ళు కాగితం ఇచ్చారు. అది నిజమేనమ్మా!"

"అయితే చిరగదని రాయి. వెచ్చగా ఉంటుందని రాయి. ఆపరేషన్ అక్కర్లేదని రాయడానికి నువ్వెవడివి? ఆ టైలరమ్మ నీ రాత నమ్మి ఆపరేషన్ మానేసింది. నేను చెప్పినా వినట్లేదు. నువ్వే ఫోన్ చేసి చెప్పాలి."

కొడుకు చెయ్యి కడుక్కుని లేచాడు. "అందరికీ ఫోన్లు చేసి నా సరుకు ఉత్తిదని చెప్పుకోమంటావా? షాపు మూసుకోవాల్సిందే. నాకు టైమైంది."

"చెప్పవన్నమాట."

"చెప్పనమ్మా!"

"సరే, చూద్దాం."

కొడుకు అటు వెళ్ళగానే టీచరమ్మ చెప్పులేసుకుంది. కోడలు కాసేపు తటపటాయించి స్కూటరు తాళాలు తీసింది. "నడవలేరు అత్తయ్యా, ఎక్కండి. రంగు వేసిన పాపం నాదీ ఉందిగా." మొగుడి మీదకి దండయాత్రకు అత్తగారిని స్వయంగా మోసుకెళ్ళిన కోడలు ఆ వీధిలో ఈవిడొక్కతే అయ్యుంటుంది.

షాపు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది టీచరమ్మ. బెల్టు కోసం వచ్చిన ప్రతివాళ్ళతోనూ, "ఆ ఫొటోలో ఉన్నది నేనే. లేస్తాను, ఎలా లేస్తానో చూసి కొనండి," అనేది. రెండు చేతులూ ఆనించి, పళ్ళు బిగించి లేచేది. వాళ్ళు మొహమొహాలు చూసుకుని వెనక్కి తిరిగేవాళ్ళు.

కొడుకు మొహం కందగడ్డయింది. "అమ్మా, నా కొంప ముంచుతావా? నా పరువేం కాను?"

"నా పరువు వెబ్‌సైటులో పెట్టి అమ్ముకునేటప్పుడు అడిగావా?"

ఆవిడ ఆ బెల్టే తీసి మోకాలికి బిగించుకుంది. పైన గోడౌనుకు వెళ్ళే మెట్లవైపు నడిచింది. "ఫోన్ తియ్యి. వీడియో పట్టు. నీ బెల్టు గొప్పతనం జనం చూడాలిగా. ఫొటోకి రంగు వేశారు, దీనికి వెయ్యలేరు."

పంతానికి పోయి కొడుకు నిజంగానే ఫోన్ పట్టాడు. ఆవిడ మొదటి మెట్టు ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడో మెట్టు మీద మోకాలు మడత పడింది. కమ్మీ పట్టుకుని వేలాడింది గానీ గొంతులోంచి కేక మాత్రం రానివ్వలేదు. పెదవి కొరుక్కుంది, కళ్ళల్లోంచి నీళ్ళు మాత్రం ధారగా కారిపోయాయి. ఒక్క క్షణం ఆగి నాలుగో మెట్టు మీదకి కాలు ఎత్తబోయింది.

కొడుకు ఫోన్ పడేసి ఒక్క అంగలో వచ్చి పట్టుకున్నాడు. "చాలమ్మా, చాలు! ఇంత నొప్పి ఉందా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానురా. పొద్దున లేస్తే మూలుగుతూనే ఉన్నాను. నా ఫొటో కోసం పాత ఆల్బములన్నీ వెతికావు. పక్క గదిలో ఉన్న నన్ను ఒక్కసారి చూడలేదు."

వాడు ఆ మెట్టు మీదే కూలబడిపోయాడు. కోడలు కింద పడ్డ ఫోన్ తెచ్చి, టైలరమ్మ నంబరు కలిపి వాడి చేతిలో పెట్టింది.

"అక్కా, నేను... టీచరుగారి అబ్బాయిని. ఆ బెల్టు గురించి రాసింది నేనే. అది నిజం కాదక్కా. ఆసుపత్రికి ఇప్పుడే ఫోన్ చేసి ఆపరేషన్ చేయించుకుంటానని చెప్పండి. కావాలంటే నేను దగ్గరుండి తీసుకెళ్తా."

అవతల టైలరమ్మ భయం భయంగా అడిగింది. "మరి టీచరు మోకాళ్ళో బాబూ? అవైనా బాగున్నాయా?"

వాడు తల్లి మొహంలోకి చూశాడు. బహుశా చాన్నాళ్ళకి అంత దగ్గరగా చూడటం.

"బాగా లేవక్కా," అన్నాడు. ఆ రెండు మాటలు అనేసరికి ఆ మెట్టు మీదే చంటిపిల్లాడిలా భోరుమన్నాడు.

టీచరమ్మ వాడి తల దగ్గరకు తీసుకుంది. జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి నిమిరింది. కానీ గొంతు మాత్రం మైదానంలో అరిచే గొంతే.

"ఏడుపు తర్వాత. లే, ముందు ఆ ఫొటో తీసెయ్యి!"