మరక కాదు, పూత

లంచ్ బెల్ కొట్టగానే అందరూ బాక్సులు పట్టుకుని వరండాలోకి పోయారు. ఆరో క్లాసు కల్పలత మాత్రం ఎవరూ లేని సైన్స్ ల్యాబ్‌లోకి వెళ్లింది. సాయంత్రం స్కూలు టెర్రస్ మీద అందరికీ టెలిస్కోప్‌లో చంద్రుణ్ణి చూపిస్తామని ప్రిసిల్లా టీచర్ చెప్పింది, దాన్ని ముందే చూడాలని ఆమె ఆత్రం.

టేబుల్ మీద టెలిస్కోప్ ఐపీస్ ఉంది. కన్ను పెట్టి చూసే చిన్న గొట్టం అది. దాని అద్దం మీద ఆకుపచ్చగా, ఊదాగా ఏదో మెరుస్తోంది.

"ఛీ, మరక! నిన్న ల్యాబ్ డ్యూటీ చేసిన హేమచంద్ర సరిగ్గ తుడవనే లే," అనుకుంది కల్పలత.

సింక్ దగ్గర గిన్నెలు తోమే పౌడర్ కనిపించింది. తడి కర్చీఫ్‌కి కాస్త అద్దుకుని గట్టిగా రుద్దింది. రంగు పోయింది. కల్పలతకు సంతోషమేసింది.

సాయంత్రం ఆరున్నరకి టీచరే ముందు చూసింది. ఆమె ముఖం వాడిపోయింది. చంద్రుడి బదులు తెల్లటి మసక తప్ప ఏమీ కనిపించడం లేదు. ఐపీస్ ఊడదీసి టార్చ్ వెలుగులో పట్టుకుంది.

"దీన్ని ఎవరు రుద్దారు?"

టీచర్ ఐపీస్‌ను అందరికీ చూపింది.

"దీని మీద సన్నటి పూత ఉండేది. కోటింగ్ అంటారు. ఉత్త అద్దం తన మీద పడ్డ వెలుగులో కొంత వెనక్కి కొట్టేస్తుంది. పూత ఉంటే దాదాపు అంతా మన కంటికి చేరుతుంది. ఆ రంగు మెరుపు పూతదే. ఇప్పుడు అది పోయింది, గీతలు కూడా పడ్డాయి, అందుకే అంతా మసక. మా నాన్నగారి ఐపీస్ ఇది." టీచర్ దాన్ని రుమాలులో చుట్టింది.

"నిన్న హేమచంద్ర డ్యూటీ కదా టీచర్!" అన్నాడు హేమచంద్ర బెంచీలో కూర్చునే రఘునాథ్.

"నేను దుమ్ము ఊదానంతే టీచర్, నిజంగా!" హేమచంద్ర కళ్లలో నీళ్లు తిరిగాయి.

కల్పలత కర్చీఫ్‌ని జేబులో ఇంకా లోపలికి నెట్టుకుంది.

ఇంట్లో అన్నం సహించలేదు. "ఏమైందే, గట్ల కెలుకుతున్నవ్?" అని అమ్మ అడిగింది. "ఏం లేదమ్మా," అంది.

తెల్లారి క్లాసులో హేమచంద్ర బెంచీ మీద ఒక్కడే ఉన్నాడు. రఘునాథ్ లేచి వేరే చోటికి మారిపోయాడు. టీచర్ అటెండెన్స్ మొదలుపెట్టగానే కల్పలత లేచి నిలబడింది.

"టీచర్, ఐపీస్ రుద్దింది నేను. మరక అనుకున్న. హేమచంద్ర ఏం చెయ్యలే. నిన్ననే చెప్పాల్సింది. భయమై చెప్పలే."

టీచర్ రిజిస్టర్ మూసేసింది.

"అదింక బాగవదు కల్పలతా," అంది.

కల్పలత ఏడుస్తూనే బ్యాగు తీసుకుని హేమచంద్ర పక్కకు వెళ్లింది. "సారీ," అంది.

అతను తల తిప్పలేదు.

కల్పలత అక్కడే కూర్చుంది.