తేన్‌మొళి ఎడమ కన్ను

తిరుప్పూర్‌లో ఏ పిల్లకి తలనొప్పి వచ్చినా నేరం కుట్టుమిషన్‌దే. బనియన్ కంపెనీల అమ్మాయిలు మధ్యాహ్నం అన్నం వేళలో మా కంటి క్లినిక్‌కి పరిగెత్తుకొస్తారు, అద్దాలు రాయించుకుని పోతారు. పరీక్షకి ముందు కంటిపాప పెద్దదై లోపల కనపడేలా చేసే చుక్కల మందు వేయనివ్వరు. వేస్తే సాయంత్రం దాకా సూది కనపడదు, ఆ పూట కూలి గోవిందా.

పోయిన నెల కయల్‌విళి అనే పిల్ల తలనొప్పితో వచ్చినప్పుడూ జాలిపడి వేయలేదు. అద్దాలు రాసిచ్చాను. చూపు పూర్తిగా పోయి, కంపెనీ హాస్టల్ మెట్ల మీంచి పడి చచ్చిపోయింది. నేనే చంపాను. ఇంకో మాట నా నోటికి రావడం లేదు.

ఇవాళ అదే హాస్టల్ నుంచి తేన్‌మొళి వచ్చింది. తలనొప్పి, మసక, వంగి లేస్తే కళ్ళ ముందు చీకటి.

"మిషన్ ముందు కూర్చునేవాళ్ళందరిదీ ఇదే పాట మేడం, అద్దాలు రాసేయండి," అంది నర్సు ఆరోక్యం.

"నువ్వు చుక్కలు వెయ్యి."

"అక్కా, సూపర్‌వైజర్ తిడతాడు..." అంది తేన్‌మొళి.

"తిట్టనీ. కన్ను పోతే వాడు తెచ్చిస్తాడా?"

చీకటి గది తలుపు మూసి, కంట్లోకి చూసే చేతిలైటు వెలిగించాను. ఈ పరీక్షలో ముఖానికి ముఖం తగిలేంత దగ్గరికి వెళ్ళాలి. కొబ్బరినూనె వాసన, మందు ఘాటు. కుడి కన్ను. లోపల కంటి నరం అంచు కాస్త చెదిరినట్టుంది. తలలో ఒత్తిడి పెరిగితే అక్కడే వాస్తుంది. కానీ ఈ కంటితో తేల్చలేను. రెండోదీ చూడాలి. చీకట్లో అటుపక్కకి జరిగి వంగాను.

ఎడమ కన్ను... నరం పుట్టగొడుగులా ఉబ్బింది. చుట్టూ నెత్తురు మరకలు. ఇంత పాడైన కంటితో ఎలా నడిచొచ్చింది?

"భయపడకు తల్లీ. ఇవాళే కోయంబత్తూరు పంపిస్తాను. స్కాన్ తీసి మందులు మొదలుపెడితే చూపు నిలుస్తుంది."

"నిజంగానా అక్కా?"

గుసగుస. చల్లటి ఊపిరి నా చెంపకు తగిలింది.

"అక్కా..."

ఈసారి గొంతు నా వెనక నుంచి వచ్చింది. తేన్‌మొళిదే. "నా కుడి కన్ను ఒక్కటే చూశారు. పక్కనున్న ఖాళీ స్టూలు వైపు వంగి... ఎవరితో మాట్లాడుతున్నారు?"

స్టూలు వైపు చూడకుండా, తడుముకుంటూ తేన్‌మొళి వైపు తిరిగాను. తన ఎడమ కన్ను చూడాలి. ఒక్క క్షణం చాలు. కనీసం ఈ పిల్లనైనా...

లైటు పైకెత్తాను.

చల్లటి వేళ్ళు నా గడ్డం పట్టుకుని, నెమ్మదిగా, ముఖాన్ని వెనక్కి తిప్పాయి.

"ముందు నేను వచ్చాను కదక్కా."